ఇరువదినాలుగు గంటల పరుగు: ఒక రోడ్డు కారు పందెపు కారైన చరిత్ర

ఫ్రాన్సు దేశమునందలి ల మాన్ పట్టణము చెంత 1923వ సంవత్సరమున ఒక విచిత్రమైన మోటారు పందెము ఆరంభమైనది. సాధారణముగా పందెములలో గీటును ముందుగా దాటినవానిదే గెలుపు. ఇచ్చట గీటుకంటె గడియారము ముఖ్యము. ఇరువదినాలుగు గంటలలో ఏ బండి ఎక్కువ దూరము పోయినదో అదే గెలిచినట్లు లెక్క. ఆ రోజులలో ఇద్దరు చోదకులు వంతులు మార్చుకొనుచు నడిపెడివారు. బండికి మాత్రము వంతు లేదు. పగలు, రాత్రి, ఎండ, వాన అన్నిటిలోను అది పరుగెత్తవలసినదే.

1948 అక్టోబరులో లండను మోటారు ప్రదర్శనమున జాగ్వార్ కంపెనీవారు ఎక్స్‌కె 120 అను స్పోర్ట్సు కారును చూపిరి. అందులోని ఇంజనుకు ఆరు సిలిండర్లు, 3,442 ఘన సెంటీమీటర్ల పరిమాణము, 160 అశ్వశక్తుల సామర్థ్యము కలవు. పేరులోని 120 గంటకు మైళ్ళలో వేగమును సూచించును. ఇది వట్టి గొప్ప కాదు. 1949 మే నెలలో బెల్జియములోని జబెక్ రహదారిపై ఈ కారు గంటకు 132 మైళ్ళు దాటి పోయినది.

ఇట్టి కార్లు మూడింటిని స్వల్పమైన మార్పులతో 1950లో ల మాన్‌కు పంపిరి. రెండు కార్లు 12, 15 స్థానములలో ముగించినవి. మూడవది మాత్రము ముందువరుస బండ్లతో సమానముగా పరుగెత్తి, ఇరువది యొకటవ గంటలో క్లచ్చి చెడి ఆగిపోయినది. కారణము క్లచ్చిలో లేదు, బ్రేకులలో ఉన్నది. బ్రేకులు సన్నగిల్లగా చోదకులు గేర్లు మార్చి ఇంజనుచేతనే బండిని నిదానింపజేసిరి. ఆ భారమంతయు క్లచ్చిపై పడినది.

ఈ ఓటమిని కంపెనీ ప్రధాన ఇంజనీరు విలియం హేన్స్, ఆయన సహచరులు చక్కగా చదువుకొనిరి. ఇంజను మంచిదే; దానిని మోయు బండి బరువైనది. కావున ఇంజనును, ముందు చక్రముల అమరికను చాలవరకు అట్లే యుంచి, బరువైన ఉక్కు చట్రమును తీసివేసిరి. దాని స్థానమున సన్నని ఉక్కు గొట్టములను త్రిభుజములుగా అతికి పంజరమువంటి చట్రమును నిర్మించిరి. త్రిభుజము భుజములు విరిగిననే తప్ప ఆకారము మారదని జ్యామితి చదివిన విద్యార్థులకు తెలిసినదే. వంతెనలలోని సూత్రమే ఇది.

పై తొడుగును రూపొందించినవాడు మాల్కమ్ సేయర్. ఆయన అంతకుముందు బ్రిస్టల్ విమానముల కంపెనీలో పనిచేసినవాడు. వంపులను కంటితో కాక గణితముతో నిర్ణయించెడివాడు. ఇది ఎంత అవసరమో చూడుడు. గాలి నిరోధమును జయించుటకు కావలసిన సామర్థ్యము వేగముయొక్క ఘనమును అనుసరించి పెరుగును. వేగము 10 శాతము పెంచవలెనన్న సామర్థ్యము 33 శాతము పెరుగవలెను. ఇంజనును 160 నుండి సుమారు 200 అశ్వశక్తులకు పెంచిరి. ఈ లెక్కన దానివలన వచ్చు వేగపు లాభము 8 శాతమే. తక్కినది ఆకారమునుండి రావలసినదే.

ఈ కొత్త కారే ఎక్స్‌కె 120 సి, జనవ్యవహారమున సి-టైపు. 1951 జూనులో మూడు కార్లు ల మాన్‌లో దిగినవి. రెండింటిలో కంపనముల వలన నూనె గొట్టము పగిలి ఇంజనులు చెడినవి. మూడవదానిని పీటర్ వాకర్, పీటర్ వైట్‌హెడ్ నడిపి, 3,611 కిలోమీటర్లు పోయి గెలిచిరి.

గెలుపుకంటె మరుసటి ఏటి ఓటమి ఎక్కువ బోధించునది. 1952లో ఇటలీ పందెమున మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కార్ల వేగమును చూచి స్టర్లింగ్ మాస్ అను చోదకుడు భయపడి కంపెనీకి తంతి పంపెను. ఇంజనీర్లు తొందరపడి కారు ముక్కును పొడవు చేసి కిందికి వంచిరి. అందుకు అనువుగా రేడియేటరు అమరికను మార్చవలసివచ్చినది. తగినంత పరీక్ష జరుగలేదు. గాలి సులభముగా జారిపోయినది గాని నీరు చల్లబడలేదు. మూడు కార్లును కొన్ని గంటలలోనే ఆగిపోయినవి. మెర్సిడెస్ గెలిచినది. ఆ మెర్సిడెస్ ఇంజను కూడ ఒక పెద్ద కుటుంబపు కారునుండి తీసినదే!

ఇక బ్రేకుల సంగతి. వేయి కిలోగ్రాముల కారు గంటకు 240 కిలోమీటర్ల వేగమునుండి 50కి దిగినచో దాని గతిశక్తిలో సుమారు 21 లక్షల జౌళ్ళు ఉష్ణముగా మారును. ఆరు లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి మరుగుస్థానమునకు చేర్చుటకు ఇది చాలును. ల మాన్‌లో చుట్టు దూరము అప్పుడు 13 కిలోమీటర్లకు పైచిలుకు. ప్రతి చుట్టులోను ఇట్టి ఘట్టము వచ్చును. పాత డ్రమ్ము బ్రేకులో ఉష్ణము లోపల చిక్కుకొనును. పైగా డ్రమ్ము వేడికి వ్యాకోచించి లోపలి చెక్కలకు దూరమగును. అప్పుడు పెడలు ఎంత తొక్కినను పట్టు తగ్గును. డిస్కు బ్రేకులో తిరుగు పళ్ళెమును ఇరువైపులనుండి పట్టుకొందురు. పళ్ళెము గాలికి తెరచియుండును. వ్యాకోచించినను పట్టుకారువైపే జరుగును. ఈ ఊహ కొత్తది కాదు, ఇంగ్లండులో లాంచెస్టరు 1902లోనే పేటెంటు పొందెను. డన్‌లప్ కంపెనీవారు దీనిని విమానములకు వాడియుండిరి. జాగ్వార్, డన్‌లప్ కంపెనీలు కలిసి కారుకు అనువుగా తీర్చిన ఈ బ్రేకులను నార్మన్ డ్యూయిస్ అను పరీక్షక చోదకుడు ఎడతెగక నడిపి చూచెను.

1953లో సి-టైపు మరింత తేలికయై, డిస్కు బ్రేకులతో వచ్చినది. ఫెరారీ కార్ల ఇంజనులు ఇంకను శక్తిమంతములు. కాని జాగ్వార్ చోదకులు మలుపునకు చాల దగ్గర వరకు వేగమును తగ్గింపక పోగలిగిరి. తెల్లవారిన తరువాతను బ్రేకులు మొదటివలెనే పనిచేసినవి. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ 4,088 కిలోమీటర్లు నడిపి గెలిచిరి. సరాసరి వేగము గంటకు సుమారు 106 మైళ్ళు. ఆ పందెములో నూరు మైళ్ళ సరాసరి దాటుట అదే ప్రథమము. రెండవ, నాలుగవ స్థానములును సి-టైపులవే.

1957లో ఎక్స్‌కె 120 వంశమునకే చెందిన ఎక్స్‌కె 150 అను రోడ్డు కారు అమ్మకమునకు వచ్చినది. దాని నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు అమర్చిరి.