సికిల్ సెల్ వ్యాధి: కణాలు అంటుకునే చరిత్ర

అరకు లోయ గిరిజన గ్రామాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధిని శాస్త్రం అర్థం చేసుకున్న క్రమాన్ని ఇక్కడ గమనించండి. 1910లో చికాగో వైద్యుడు హెరిక్ కొడవలి ఆకారపు ఎర్ర రక్తకణాలను వర్ణించాడు. 1949లో పౌలింగ్ బృందం లోపం హీమోగ్లోబిన్‌లో ఉందని నిరూపించింది. 1952లో నీలగిరి గిరిజనుల్లో ఈ లక్షణాన్ని గుర్తించారు.

వంకర కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కోవడమే నొప్పికి కారణమని చాలాకాలం భావించారు. 1980లో హెబెల్ బృందం ఈ కణాలు రక్తనాళపు లోపొరకు అసాధారణంగా అంటుకుంటాయని చూపింది. అలా అంటించే వాటిలో సెలెక్టిన్లు అనే కణ సంలగ్న అణువులు ముఖ్యమైనవి. మామూలుగా ఇవే తెల్లకణాలను గాయం వైపు వలస నడిపిస్తాయి. నాళాలు మూసుకుపోయి రెటీనాకు ఆక్సిజన్ అందకపోతే, అక్కడ పెళుసైన కొత్త నాళాలు పెరుగుతాయి. అవి చిట్లితే చూపు దెబ్బతింటుంది.

పి-సెలెక్టిన్‌ను అడ్డుకునే మందుకు 2019లో అమెరికా అనుమతినిచ్చింది. తరువాతి పరీక్షలో ఆశించిన మేలు తేలనందున 2023లో ఐరోపా తన అనుమతిని రద్దు చేసింది. అదే ఏడాది జూలై 1న మన దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 2047 దాని గడువు. రక్తపరీక్షతో ముందుగా గుర్తించడం, హైడ్రాక్సీయూరియా వాడకం, కంటి పరీక్షలు నేటికీ కొండగ్రామాల రోగులకు ప్రధాన రక్షణ అని మీరు గుర్తుంచుకోవాలి.