క్లయింట్ కేంద్రిత చికిత్స

కౌన్సెలర్ సలహాల కన్నా సహానుభూతికి, మనిషి పట్ల గౌరవానికి ప్రాధాన్యమిచ్చే మానసిక చికిత్సా పద్ధతి క్లయింట్ కేంద్రిత చికిత్స. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ (1902–1987) దీన్ని 1940లలో రూపొందించారు. 1942 నాటి ‘కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ’లో దీని తొలిరూపం కనిపిస్తుంది, 1951లో ‘క్లయింట్ సెంటర్డ్ థెరపీ’ వెలువడింది. మార్పుకు అవసరమైన పరిస్థితులను రోజర్స్ 1957లో ఒక వ్యాసంలో వివరించారు. వాటిలో కౌన్సెలర్‌కు సంబంధించినవి మూడు: ఎదుటివారి అనుభవాన్ని వారి వైపు నుంచి గ్రహించడం, షరతులు లేని ఆదరణ, కపటం లేని నడవడి. ‘ఇంట్లో నా మాట ఎవరికీ పట్టదు’ అని క్లయింట్ అంటే కౌన్సెలర్ తప్పొప్పులు ఎంచరు, పైపై ధైర్యం చెప్పి ముగించరు. ‘ఒంటరిగా మిగిలిపోయినట్టు మీకు అనిపిస్తోంది’ అని ఆ బాధనే తిరిగి పలుకుతారు. అది సరికాదనిపిస్తే క్లయింట్ సరిదిద్దుతారు. ఈ సరిదిద్దడం కూడా చికిత్సలో భాగమే. చికిత్సా సంభాషణలను రికార్డు చేసి పరిశోధనకు వాడినవారిలో రోజర్స్ ఆద్యులు. నేటి కౌన్సెలింగ్ శిక్షణలో శ్రద్ధగా వినే నైపుణ్యాలకు ఈ పద్ధతి ఒక ప్రధాన ఆధారం.