ఎల్సా ఇ ఫ్రెద్

ఎల్సా ఇ ఫ్రెద్ 2005లో విడుదలైన స్పానిష్-అర్జెంటీనా ప్రేమకథా హాస్య చిత్రం. దర్శకుడు మార్కోస్ కార్నెవాలే. కథాస్థలం మాడ్రిడ్. భార్య పోయాక కొత్త అపార్ట్‌మెంట్‌కు మారిన ఆల్ఫ్రెదో (ఫ్రెద్) మందుబిళ్లల లెక్కతోనే రోజులు గడిపే పెద్దమనిషి. పొరుగింటి ఎల్సా అతని కూతురి కారు లైటు పగలగొట్టడంతో పరిచయం మొదలవుతుంది. ఆమె నోరు తెరిస్తే అబద్ధం. భర్త పోయాడన్నదీ అబద్ధమే. హోటల్లో కడుపునిండా తిని, బిల్లు కట్టకుండా అతన్ని లాక్కుపోతుంది. దర్శకుడు ఫెలీనీ తీసిన 'లా దోల్చె వీతా' (1960) చిత్రంలో నటి అనితా ఎక్‌బెర్గ్‌లా రోమ్‌లోని ట్రేవీ ఫౌంటెన్‌లో దిగాలన్నది ఎల్సా చిరకాల కోరిక. ముసలితనాన్ని వెక్కిరించకుండా నవ్వించడమే ఈ చిత్రం గొప్పతనం. ఆ ఘనత ఎక్కువగా ఎల్సాగా నటించిన ఉరుగ్వే నటి చీనా సొరీయాది; ఆల్ఫ్రెదోగా మాన్యుయెల్ అలెక్సాండ్రే సంయమనం ఆమెకు సరిజోడు. 2014లో షిర్లీ మెక్‌లేన్, క్రిస్టఫర్ ప్లమ్మర్‌లతో ఇంగ్లీషులో మళ్లీ తీశారు.