ఒక్క ఆట శిక్ష ఏ మూలకి?

శనివారం రాత్రి ఎలాగూ భోజనం చెయ్యని మనిషిని, "ఈ శనివారం రాత్రి నీకు అన్నం పెట్టను, పో!" అని బెదిరిస్తే ఎలా ఉంటుంది? అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో పిచర్‌ని ఒక్క ఆటకి బయట కూర్చోపెట్టడమూ అలాంటిదే.

బేస్‌బాల్ మన క్రికెట్‌కి దూరపు చుట్టం. బంతి విసిరేవాడు పిచర్. ఆట మొదలుపెట్టే పిచర్ చెయ్యి తేరుకోవడానికి రోజులు పడుతుంది గనుక, కాలేజీల్లో అతను మామూలుగా వారానికి ఒక్కసారే దిగుతాడు. జట్టేమో వారంలో మూడు నాలుగు ఆటలు ఆడుతుంది. ఒక్క ఆట మానిపిస్తే అతనికి అది విశ్రాంతే! అందుకే కాలేజీ ఆటలు నడిపే ఎన్.సి.ఎ.ఎ. వాళ్ళు, కావాలని మనిషి మీదికి బంతి విసిరి అంపైరు చేత గెంటించుకున్న పిచర్‌ని నాలుగు ఆటలకి దూరం పెడతారు. లెక్క తెలిసినవాళ్ళు రాసిన నియమం.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 1920 ఆగస్టు 16న న్యూయార్కులో కార్ల్ మేస్ విసిరిన బంతి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకి తగిలింది. అప్పట్లో హెల్మెట్లు లేవు. మర్నాడు తెల్లవారకముందే అతను పోయాడు. పొరపాటున జరిగిందన్నారు, మేస్‌కి ఏ శిక్షా లేదు. నా మనసు మాత్రం చాప్‌మన్ భార్య కాథ్లీన్ దగ్గరే ఆగిపోతుంది. పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. కడుపుతో ఉంది. కబురంది రైలెక్కి వచ్చేసరికే అంతా అయిపోయింది. మరుసటేడు ఆడపిల్ల పుట్టింది. తండ్రి ఆ పిల్లకి ఫోటోలోనే.

అది పెద్దవాళ్ళ ఆట. కాలేజీ కథ 1999 ఏప్రిల్ 23న కాన్సాస్‌లోని విచిటాలో జరిగింది. ఆట ఇంకా మొదలవనే లేదు. విచిటా స్టేట్ పిచర్ బెన్ క్రిస్టెన్సన్ చెయ్యి సర్దుకుంటున్నాడు. ఎవాన్స్‌విల్ కుర్రాడు ఆంథొనీ మోలినా తన వంతు కోసం పక్కన నిలబడి ఉన్నాడు. తన బంతుల వేగాన్ని కనిపెడుతున్నాడని ఇతనికి అనుమానం. అంతే, బంతి నేరుగా అతని మీదికే! ఎడమ కంటి చుట్టూ ఎముకలు విరిగాయి. అలా కనిపెట్టేవాళ్ళని బెదరగొట్టమని కోచే నేర్పాడని క్రిస్టెన్సన్ అన్నాడు. గురువుగారి పాఠం చూశారా!

ఈసారి నాలుగాటలతో సరిపెట్టలేదు. శిష్యుణ్ణీ, పిచర్ల కోచ్‌నీ కూడా ఆ సీజను మొత్తానికి పక్కన పెట్టారు. కానీ జూన్‌లోనే షికాగో కబ్స్ అనే పెద్ద జట్టు క్రిస్టెన్సన్‌ని మొదటి విడతలోనే ఎంచుకుంది. చేతిలో పది లక్షల డాలర్ల పైచిలుకే పెట్టింది! మోలినా కోర్టుకెక్కితే, 2002లో రాజీ కుదిరింది.

భుజం దెబ్బలతో క్రిస్టెన్సన్ పెద్ద లీగ్ గడప తొక్కనే లేదు. మోలినా మళ్ళీ బ్యాటు పట్టాడు గాని, ఎడమ కంటికి మునుపటి చూపు రాలేదు.