ట్రాక్టర్, ట్రక్కు టైర్లు ఎప్పుడు మార్చాలి? పల్నాడు రైతులకు సూచనలు

మిరప కోతల ముందు కూలీలు, పట్టాలు, కళ్లం అన్నీ చూసుకుంటాం. టైర్ల సంగతి మాత్రం పంక్చరు పడ్డాకే గుర్తొస్తుంది. టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు బయలుదేరిన రోజు దారిలో టైరు పేలితే సరుకు ఆగిపోతుంది, కిరాయి పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది. అందుకే డిసెంబరులో ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి టైర్లన్నీ చూసుకోండి.

మన ప్రాంతంలో టైరుకు శత్రువులు ఎక్కువ. పత్తి కట్టె కొట్టించాక మిగిలే మోళ్లు, సర్కారు తుమ్మ ముళ్లు, మాచర్ల, గురజాల వైపు నాపరాయి అంచులు టైరును కోస్తాయి. రెంటచింతల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలో నెలల తరబడి ఎండలో నిలబెట్టిన ట్రాక్టర్ టైరు పని చేయకుండానే ముసలిదవుతుంది. గ్రిప్పు బాగానే కనిపిస్తుంది కానీ రబ్బరు బిరుసెక్కి సన్నటి పగుళ్లు వస్తాయి.

కాబట్టి ముందు వయసు చూడండి. టైరు పక్క భాగంలో చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అయిదారేళ్లు దాటిన టైరును ఏటా మెకానిక్‌కు చూపించండి. పదేళ్లు దాటితే అరగకపోయినా రోడ్డెక్కించవద్దు. సెకండ్ హ్యాండ్ టైరు కొనేటప్పుడు ధర అడిగే ముందు ఈ అంకెలే చూడాలి.

పైపైన పగుళ్లు ఉంటే కొంతకాలం కనిపెట్టుకుని వాడవచ్చు. పగులులోంచి గానీ కోతలోంచి గానీ లోపలి దారం కనిపించినా, పక్కన ఉబ్బు వచ్చినా ఆ టైరు పని అయిపోయినట్టే. ఉబ్బు అంటే లోపలి పొర తెగిందని అర్థం. లోపల ముక్క వేసి లాగించడం దుక్కిలో చెల్లుతుందేమో గానీ, బరువుతో రోడ్డు మీద చెల్లదు.

వెనక టైర్ల విషయంలో తొందరపడి డబ్బు పెట్టకండి. ఎండు నేలలో సగం అరిగిన టైరు కూడా బాగానే లాగుతుంది. తేడా తెలిసేది తడి నల్లరేగడిలోనే. గట్ల మధ్య మట్టి నిండిపోయి, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. ఇలా పరీక్షించండి: వెనక టైరుకు సుద్దతో గీత పెట్టి, నాగలి దింపి, చక్రం 10 చుట్లు తిరిగేదాకా నడపండి. మొదలు, చివర గుర్తులు పెట్టండి. నాగలి ఎత్తి అదే దూరం మళ్లీ నడిపి చుట్లు లెక్కపెట్టండి. ఎనిమిదిన్నర వస్తే 15 శాతం జారుతోందన్నమాట, ఫర్వాలేదు. ఎనిమిది, అంతకంటే తక్కువ వస్తే డీజిల్ మట్టిలో పోసినట్టే. అప్పుడు కూడా ముందు గాలి, బరువు సరిచూసుకోండి. అవి సరిగా ఉన్నా జారుతుంటే, గట్ల ఎత్తు కొత్తప్పటి దానిలో పావు వంతుకు వచ్చి ఉంటే మార్చేయండి. టైరు లోపలి భాగం గట్టిగా ఉంటే వెనక టైర్లకు రీబటన్ చేయించడం తప్పు కాదు.

ముందు టైర్లకు మాత్రం రీబటన్ వద్దు. స్టీరింగ్ వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఇప్పుడు ఒక్క జతకే డబ్బుంటే ముందు జతే కొనండి. అయితే పాతవి ఎలా అరిగాయో చూడండి. నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే చక్రాల అమరిక తప్పింది, లేదా బుష్‌లు, బేరింగులు వదులయ్యాయి. అది బాగు చేయించకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కంపెనీ చెప్పిన సైజులే వేయాలి. ముందు, వెనక చక్రాల లెక్క తప్పితే గేర్ల మీద భారం పడుతుంది.

అన్నిటికంటే నిర్లక్ష్యం ట్రక్కు టైర్ల మీద. లారీలకు పనికిరావని తీసేసిన గుండు టైర్లు ట్రక్కుకు చేరతాయి. చాలా ట్రక్కులకు బ్రేకులు ఉండవు, పైన బరువు ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిరప కోతకు వెళ్లి వస్తున్న ట్రాక్టర్ బోల్తా పడి నలుగురు మహిళా కూలీలు చనిపోయారు. అది టైరు వల్ల జరిగిందని కాదు. ట్రక్కులో మనుషులు కూర్చుంటే ఏ చిన్న లోపానికైనా ఎంత మూల్యమో చెప్పడానికే. మనుషులను ట్రక్కులో ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు, బీమా దగ్గరా చిక్కే. కూలీలకు ఆటో మాట్లాడండి.

కొత్తవి కొనేటప్పుడు బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనపడాలి. పాత ట్యూబు కొత్త టైరులో వేయించకండి, సాగిన ట్యూబు మడతపడి తెగుతుంది. టైరు పక్కనున్న బాణం గుర్తు బండి ముందుకు వెళ్లేటప్పుడు చక్రం తిరిగే వైపు ఉండాలి. బిగించాక ఒక పూట పని చేసి, చక్రాల నట్లు మళ్లీ ఒకసారి బిగించుకోండి.