పందెం ముగిసిన తరువాత
(ప్రసంగ పాఠం)

యుద్ధంలో గెలిచి వచ్చిన ఏనుగును గజశాలలో నిలిపి సాకడం రాజులకు పరిపాటి. పందెంలో గెలిచిన మోటారు కారుకు అటువంటి గౌరవం అరుదుగా దక్కినది. ఆస్ట్రేలియా దేశపు టూరింగ్ కార్ల చరిత్రయే ఇందుకు నిదర్శనం.

టూరింగ్ కారు అనగా పందెం కొరకే పుట్టిన యంత్రం కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుండి ప్రయాణం చేయదగిన కారునే పందానికి సిద్ధపరుస్తారు. ఆ దేశంలో మొదటి టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ 1960లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణం వద్ద జరిగినది. జాగ్వార్ కారు నడిపిన డేవిడ్ మెకే విజేత. ఆ సంవత్సరమే విక్టోరియా రాష్ట్రంలోని ఫిలిప్ దీవిలో 500 మైళ్ల పందెం ఆరంభమైనది. 1962 నాటి పందెంలో అక్కడి బాట ఛిద్రమైపోగా, మరుసటి ఏడు ఆ పందాన్ని బాథర్స్ట్ పట్టణపు మౌంట్ పనోరమా కొండకు తరలించినారు. సుమారు 6 కిలోమీటర్ల నిడివి గల ఆ కొండబాట, పందెం లేని దినాలలో ఎల్లరూ సంచరించే రహదారియే.

బాథర్స్ట్‌లో ఆనాటి నియమం ప్రకారం, అంగడిలో అమ్మే కారునే స్వల్పమైన మార్పులతో పందానికి దింపవలెను. 1967లో ఫోర్డ్ ఫాల్కన్ జి.టి., 1968, 1969 సంవత్సరాలలో హోల్డెన్ మొనారో అట్లు దిగి గెలిచినవే. పందెపు కారుకు, వీధిలోని కారుకు వ్యత్యాసం అంత స్వల్పమైనప్పుడు, పందెం ముగిసిన పిదప దానిని మామూలు కారుగా అమ్మివేయడం ఎంతో సులభం. అట్లు చేతులు మారిన వాటిలో కొన్ని నిత్యపు వాడకంలో అరిగినవి. కొన్ని గుద్దుకొని నుగ్గయినవి. కొన్ని పొలాల అంచున తుప్పు పట్టినవి.

నిబంధనల మార్పు మరొక దెబ్బ. 1973లో గ్రూప్ సి అనే కొత్త తరగతి ఏర్పడినది; 1985లో దాని స్థానంలో అంతర్జాతీయ నియమాలతో గ్రూప్ ఎ వచ్చినది. ప్రతి మార్పుతోను నిన్నటి విజేత నేడు అనర్హుడైనది. చౌకగా దొరికిన ఆ కార్లను కొన్నవారు కొందరు వాటి దేహాన్ని కోసి, పెద్ద ఇంజన్లు బిగించి, స్పోర్ట్స్ సెడాన్ పందాలలో నడిపినారు. ఆ కోతతో కారు పూర్వరూపం చెడినది.

కొన్ని కార్లు పుట్టుకలోనే ఆగిపోయినవి. గంటకు 160 మైళ్ల వేగంతో పోగల కార్లు త్వరలో వీధులలోకి రానున్నవని 1972 జూన్‌లో సిడ్నీ పత్రిక ఒకటి ప్రకటించగా పెద్ద అలజడి రేగినది. కొద్ది దినాలలోనే కంపెనీలు వెనుకంజ వేసినవి. ఫోర్డ్ వారి ఫాల్కన్ జి.టి.-హెచ్.ఓ. నాలుగవ దశ కార్లు నాలుగింటితోనే నిలిచిపోయినవి.

అదృష్టవంతులూ లేకపోలేదు. ఆలన్ మఫట్ నడిపిన ఎర్రని ఫోర్డ్ మస్టాంగ్ 151 పందాలలో పాల్గొని 101 గెలిచినది. నేటికీ భద్రంగా ఉన్నది. 1982, 1983 సంవత్సరాలలో పీటర్ బ్రాక్ బృందానికి బాథర్స్ట్ విజయం తెచ్చిన హోల్డెన్ కమోడోర్ 2018 నాటి వేలంలో 20 లక్షల డాలర్లకు మించి పలికినది.

ధర ఉన్నచోట నకిలీ తప్పదు. పూర్వం భూముల కొరకు కూటశాసనాలు సృష్టించిన వారు ఉండేవారు. రాగిరేకు దొరికినంత మాత్రాన పండితులు దానిని నమ్మరు, లిపిని, తిథిని, రాజుల వరుసను పోల్చి చూస్తారు. కార్ల శోధకుల పనీ అటువంటిదే. దేహంపై చెక్కిన సంఖ్యను, క్రీడాసంస్థ ఇచ్చిన లాగ్ పుస్తకాన్ని, నాటి ఛాయాచిత్రాలను వారు ఎదురెదురుగా పెట్టుకొంటారు. చిత్రంలోని సొట్ట రేకు లోపలి వైపున అతుకుగా కనబడుతున్నదా? రక్షణ చట్రం బిగించిన రంధ్రాలు సరియైన తావులలో ఉన్నవా? పైరంగు గీకితే అడుగున పాత జట్టు రంగు తగులుతున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానం కుదిరితేనే అది అసలైనది.

చిక్కు అంతటితో తీరదు. దేహం ఒకరి వద్ద, ఇంజన్ మరొకరి వద్ద మిగిలినప్పుడు ఏది అసలు కారు? తుప్పు తిన్న రేకులన్నీ మార్చిన పిదప మిగిలినది పాతదా, కొత్తదా? ఏది మార్చినారో, ఎప్పుడు మార్చినారో దాపరికం లేకుండా వ్రాసి ఉంచడమే దీనికి న్యాయమైన మార్గం. బాగుచేసిన కారు తప్పు కాదు. బాగుచేసిన సంగతి దాచడమే తప్పు.

ఈ శ్రమ వేడుక కొరకు మాత్రమే కాదు. ఫోర్డ్ కంపెనీ 2016లో, హోల్డెన్ 2017లో ఆస్ట్రేలియాలో కార్ల తయారీ నిలిపివేసినవి. తన కార్లు తానే చేసుకొన్న ఒక దేశపు పనితనానికి మిగిలిన సాక్ష్యాలలో ఈ పందెపు కార్లు ముఖ్యమైనవి. ఇనుమును మరల పోత పోయవచ్చును. కాని ఆనాడు ఆ కార్లకు మరలు బిగించిన పనివారు వృద్ధులైనారు. ఏ అతుకు ఏ దెబ్బకు వేసినదో చెప్పగలవారు వారే. వారి జ్ఞాపకాలను, వారి ఇళ్లలోని ఛాయాచిత్రాలను నేడే సేకరించకపోతే, రేపు కారు మిగిలినా దాని చరిత్ర మిగలదు.