ఖుద్దారీకి తెలుగు మాట ఆత్మగౌరవం

మా మధురానగర్‌లో సియాసత్ గురించి నలుగురు కూర్చుంటే ఎన్టీఆర్ కిస్సా రాక మానదు. ఫిల్మ్‌నగర్ పక్కనే ఉంది కాబట్టి సినిమావాళ్ల రాజకీయం మీద అందరికీ ఒక రాయ్ ఉంటుంది. "సినిమా మోజుతో గెలిచాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ మాట నాకు అధూరాగానే కనిపిస్తుంది. ఏ హీరోకైనా జనం వస్తారు. కానీ పాతికేళ్లు దాటి ఒకే పార్టీ చేతిలో ఉన్న రాష్ట్రం తొమ్మిది నెలల్లో ఎందుకు తిరగబడింది? ఆ తారీఖ్‌లో మన ముసల్మానుల జాగా ఎక్కడ? ఈ రెండు సవాళ్లకు జవాబు వెతకాలి.

ముందు ఆ ఏకపక్షం ఎంతటిదో చూద్దాం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుంచి హుకూమత్ కాంగ్రెస్‌దే. 1967లో 287 సీట్లకు 165, 1972లో 287కి 219 వచ్చాయి. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తర భారతంలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే ఇక్కడ 42 లోక్‌సభ సీట్లలో 41 గెలిచింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున బయటపడ్డారు. 1980లో మళ్లీ అదే లెక్క, 42కి 41.

ఈ అంకెల వెనక ఇంకో లెక్క ఉంది. 1978 అసెంబ్లీ ఇంతిఖాబ్‌లో ఇందిరా కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు సుమారు 39 శాతమే. సీట్లు మాత్రం 294కి 175. మిగతా ఓట్లు జనతా, రెడ్డి కాంగ్రెస్, కమ్యూనిస్టులు, ఇండిపెండెంట్ల మధ్య చీలిపోయాయి. అంటే అసెంబ్లీ ఎంత ఏకపక్షమో అవామ్ అంత ఏకపక్షం కాదు. వద్దనుకున్నవాళ్లే ఎక్కువమంది. వాళ్లందరూ కలిసి నిలబడే చోటు లేదు, అంతే.

అలాంటి రాష్ట్రంలో నాయకుడికి ఓటరంటే భయం పోతుంది, ఢిల్లీ దర్బారంటే భయం పెరుగుతుంది. 1978 నుంచి 1983 దాకా ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఒక్కరినీ అవామ్ మార్చలేదు. ఆల్విన్ ఫ్యాక్టరీ కార్మికుడిగా జీవితం మొదలుపెట్టిన అంజయ్య, 1982 ఫిబ్రవరిలో బేగంపేట ఎయిర్‌పోర్టులో రాజీవ్ గాంధీకి ఘనంగా స్వాగతం ఏర్పాటు చేశారు. ఆ హడావుడి చూసి రాజీవ్ అందరి ముందే ఆయన్ను కసురుకున్నారు. అప్పటికి రాజీవ్ ఒక ఎంపీ, అంజయ్య ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఆ నెలలోనే అంజయ్య కుర్చీ పోయింది. బేఇజ్జతీ ఒక మనిషికి జరిగినా రాష్ట్రమంతా దాన్ని తన మీదికి తీసుకుంది.

ఇక మన ఖౌమ్ సంగతి. "ముసల్మానుల ఓటు ఎక్కడికి పోతుంది?" అన్నది ఆ రోజుల్లో కాంగ్రెస్ నాయకుల ధీమా. పాతబస్తీ మజ్లిస్‌కు, మిగతా జిల్లాలు కాంగ్రెస్‌కు అని బట్వాడా చేసేసుకున్నారు. అలా ముందే లెక్కలో వేసుకున్న ఓటుకు ఖీమత్ ఉండదు. 1978 మార్చి చివర్లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం ఔరత్ మీద అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే ఆమె శౌహర్‌ను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది, కాల్పుల్లో ఇంకా ప్రాణాలు పోయాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తర్వాత కేసు పొరుగు రాష్ట్రంలోని రాయచూరుకు మారింది, 1981లో ముల్జిములు నిర్దోషులుగా బయటికొచ్చారు. సర్కారుకు దీనివల్ల ఏ ఖతరా రాలేదు. ఓటు పోతుందన్న డర్ లేని చోట ఇన్సాఫ్ కూడా ఖైరాత్‌లాగే దొరుకుతుంది. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు.

ఈ నేపథ్యంలో 1982 మార్చి 29న హైదరాబాద్‌లో ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించారు. పాత చెవ్రొలెట్ వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చారు, కొడుకు హరికృష్ణ దాన్ని నడిపారు. ఖాకీ బట్టలు, రోడ్డు పక్క స్నానం, వ్యాన్ పైకెక్కి తఖ్రీర్. అప్పటిదాకా జల్సా అంటే జిల్లా కేంద్రంలో స్టేజీ, దండలు, లారీల్లో తోలుకొచ్చిన జనం. ఈయన ఆ వరసను తిప్పేశారు. జనాన్ని జల్సాకు తెచ్చే బదులు జల్సానే గల్లీకి తీసుకెళ్లారు. ఏ ఊరి మొఖద్దమ్ ఇజాజత్ కూడా అక్కర్లేకపోయింది. ఊరి పెద్దల చేతుల్లో ఉన్న గంపగుత్త ఓటు అలా విడివడింది. "ఈనాడు" పత్రిక ఆ యాత్రను రోజూ ఇంటింటికీ చేర్చింది.

ఆయన నారా ఒకటే: తెలుగువారి ఆత్మగౌరవం. దాని పక్కనే ఒక వాదా: కిలో రెండు రూపాయలకు బియ్యం. నాకు బాగా నచ్చే సంగతి ఇక్కడే ఉంది. ఆ వాదా చేసిన పని చూసి కోట్ల విజయభాస్కరరెడ్డి సర్కారు ఎన్నికలకు ముందే కిలో రూపాయి తొంభై పైసలకు బియ్యం ఇస్తామంది. ఎన్నో ఏళ్లు అడిగినా కదలని ఖజానా, ముఖాబలా ఎదురవగానే తెరుచుకుంది, పైగా పది పైసలు తగ్గించి. పేదోడి దస్తర్‌ఖాన్ మీదికి అన్నం రావాలంటే ఇద్దరు పోటీ పడాలని ఆ పది పైసలు చెప్పాయి. ఆ బియ్యానికి మజ్హబ్ లేదు. బీడీలు చుట్టే ఇంటికైనా, దూది ఏకే ఇంటికైనా, నూర్‌బాషీల గడపకైనా అదే ధర.

1983 జనవరి 5న పోలింగ్. తెలుగుదేశానికి 201 సీట్లు, కాంగ్రెస్‌కు 60. కాంగ్రెస్ ఓట్లు 33 శాతం పైనే ఉన్నాయి. చీలిపోయిన ఓటు ఒక చోట నిలబడే వీలు దొరికింది, కోట కూలింది. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య హలఫ్ తీసుకున్నారు.

ఇప్పుడు అసలు సవాల్. "తెలుగువారి" అన్నప్పుడు ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు అందులో ఉన్నాడా? ఉర్దూలో ఆత్మగౌరవాన్ని ఖుద్దారీ అంటాం. మాట వేరైనా మానీ ఒకటే. ఆ నారా మోసిన భాషను చూడండి: హామీ, జెండా, రాజీనామా, ఫిర్యాదు, సర్కారు, జిల్లా. ఈ మాటలు తీసేస్తే తెలుగులో ఒక్క ఎన్నిక కూడా నడవదు. భాషలో మనం ఎప్పుడో కలిసిపోయాం. సియాసత్‌లోనే లెక్క తేలలేదు.

జవాబు రెండు వైపులా ఉంది. తెలుగు వెలుగుల కోసం ఎన్టీఆర్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పెట్టించినప్పుడు అందులో తానీషా, మీర్ మహబూబ్ అలీ ఖాన్, మఖ్దూం మొహియుద్దీన్ కూడా నిలబడ్డారు. 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. తెలంగాణ పల్లెల్లో పేదలకు అది పెద్ద రాహత్. మరోవైపు అదే 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ గద్దెనెక్కేదాకా రాష్ట్రమంతా జమ్హూరియత్ కోసం జులూసులు తీసింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో ఫసాదులు రేగాయి, కర్ఫ్యూ పడింది. కుర్చీ కోసం పెద్దలు కొట్లాడుకుంటుంటే చాకు దెబ్బలు తిన్నది, రోజ్‌గార్ పోగొట్టుకున్నది పాతబస్తీ పేదలు. ఆ డిసెంబరులో సలావుద్దీన్ ఒవైసీ తొలిసారి హైదరాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. రాష్ట్రమంతా ఆత్మగౌరవం వెంట నడుస్తున్న కాలంలో పాతబస్తీ హిఫాజత్ వెతుక్కుంది. ఆ రెంటినీ కలిపి చదివితేనే 1983 పూర్తవుతుంది.

ఏకపక్షం ఒక పార్టీ జబ్బు కాదు, గెలిచిన ప్రతివాడికీ అంటుకుంటుంది. తెలంగాణలో 2018లో టీఆర్ఎస్‌కు 119కి 88 వచ్చాయి. అవి చాలవన్నట్టు 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పన్నెండు మందిని కలిపేసుకున్నారు. ప్రశ్నించడానికి మిగిలిన వాళ్లలో ఏడుగురున్న మజ్లిసే పెద్ద జమాత్ అయింది.

మా మధురానగర్ ఉన్న జూబ్లీహిల్స్ నియోజకవర్గాన్నే చూడండి. మాగంటి గోపీనాథ్ మరణంతో 2025 నవంబరు 11న ఇక్కడ ఉపఎన్నిక జరిగింది. 2023 చివర్లో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గంలో దాదాపు రెండేళ్లు ఒక్క ముస్లిం వజీర్ లేరు. పోలింగ్‌కు పదకొండు రోజుల ముందు, అక్టోబరు 31న, అజహరుద్దీన్ హలఫ్ తీసుకున్నారు. రెండేళ్లు దొరకని కుర్చీ ఆ వారంలోనే ఎలా దొరికింది? షేక్‌పేట, బోరబండ, రహమత్‌నగర్ ఓట్లు ఎటు పోతాయో ఖచ్చితంగా తెలియలేదు కాబట్టి. 1982 నాటి పది పైసల ఖిస్సా ఇదే, వేషం మారింది. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ 24 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఓటు వేసినవాళ్లు మాత్రం సగం కూడా లేరు.

నాకు గెలిచినవాళ్ల కన్నా ఇంట్లో కూర్చున్న ఆ సగం గురించే ఫికర్. 1983లో రాష్ట్రాన్ని మార్చింది ఒక హీరో ముఖం ఒక్కటే అనుకుంటే మనం ఇంకో హీరో కోసం ఇంతెజార్ చేస్తూ కూర్చుంటాం. నా ఓటు ఎటు పోతుందో నీకు ముందే తెలియదు అని కోట్ల మంది ఒకేసారి చెప్పడం వల్ల అది మారింది. ఖుద్దారీ అంటే అదే. తెలుగులో చెప్పినా, ఉర్దూలో చెప్పినా.